మన ధర్మకార్యములును, వీడియోలును

ధర్మము చేయుచు దానిని చాటించుకొనువారిని గూర్చి ప్రభువు కొండమీద చెప్పిన మాటలు మనకు బాల్యమునుండి తెలిసినవే. అయితే అదే ప్రసంగములో, ఒక అధ్యాయము ముందుగా, మన సత్క్రియలు లోకమునకు కనబడవలెనని కూడ ఆయన బోధించియున్నాడు. ఈ రెండు బోధల నడుమ మన సంఘములలోని చిన్న చిన్న సేవా సమాజములు నేడు చేత ఫోను పట్టుకొని నిలిచియున్నవి.

వీడియో తీయుట తప్పని మేము చెప్పబోవుట లేదు. యెరూషలేములోని బీదలకొరకు కూర్చిన చందా విషయములో ఎవరును తనమీద నింద మోపకుండునట్లు, పౌలు తీతుతోకూడ సంఘములు ఏర్పరచిన మరియొక సహోదరుని పంపినట్లు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక ఎనిమిదవ అధ్యాయములో చదువుచున్నాము. ఇచ్చినవారికి లెక్క చూపుట సేవలో ఒక భాగమే. పూర్వము అచ్చువేసిన వార్షిక నివేదిక చేసిన పనిని ఇప్పుడు రెండు నిమిషముల వీడియో చేయుచున్నది. ఖర్చు లేదు, చదువురానివారికిని తెలియును. మా చిక్కు వేరొకటి.

2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మొదలగు పేటలు నీట మునిగినప్పుడు మా యౌవనస్థులు వెళ్లి బియ్యము, దుప్పట్లు పంచిరి. మంచి పని చేసిరి. మోకాటిలోతు బురదలో సంచులు మోసిరి. ఒక పెద్దామెకు సంచి అందించునప్పుడు మాత్రము, వెనుకనున్న బ్యానరు సరిగా పడలేదని దానిని తిరిగి తీసికొని, "అమ్మా, ఇటు చూడండి" అని రెండవసారి ఇచ్చిరి. ఆ రాత్రియే వీడియో యూట్యూబులో పెట్టిరి. వాట్సాప్ గ్రూపులకును పంపిరి. వారము తిరుగకముందే అది వేరొక జిల్లాలోనున్న ఆమె కుమార్తె అత్తవారింటికి చేరెను. అక్కడ ఏమేమి మాటలు వచ్చెనో వ్రాయుట అనవసరము.

ఆమె మమ్మును కోపపడలేదు. ఒక ఆదివారము ఆరాధన అయిన తరువాత వచ్చి, "అయ్యగారూ, ఆ బియ్యం మేము అప్పుడే వండుకు తినేశాం. ఆ బొమ్మ మాత్రం ఇంకా తిరుగుతోందంట. అదెప్పుడు అయిపోతుందండీ?" అని అడిగెను. యూట్యూబునుండి దానిని తీసివేసితిమి. ఇతరుల ఫోనులలో దిగిన దానిని తీయుట ఎవరి తరము?

ఆమె ఒప్పుకొనలేదా అని మా యౌవనస్థులు అడిగిరి. ఒప్పుకొన్నది. రెండు దినములు అన్నము లేక నీటి మధ్య కూర్చున్నవారికి బియ్యపు సంచి చూపించి, తీయవచ్చునా అని అడిగిన యెడల కాదనువారు ఎవరు? అది సమ్మతి కాదనియు, ఆకలి చెప్పిన సమాధానమనియు మాకు తోచుచున్నది. సంరక్షణ అవసరమైన పిల్లల విషయములో 2015 నాటి బాలల న్యాయ చట్టము 74వ సెక్షను వారి పేరు, చిరునామా, చిత్రము ప్రకటింపకూడదని నిషేధించుచున్నది. పెద్దవారి సంగతి చాలవరకు మన మనస్సాక్షికే విడువబడినది.

మా కమిటీలో ఒక పెద్ద వేరొక మాట చెప్పెను. ముఖము మసకచేసిన మనిషి నేరస్థునివలె కనబడును, బీదతనము నేరమా అని. ఆ మాటలో నిజమున్నది. ముఖములను మసకచేయు సాధనము 2012 నుండి యూట్యూబులోనే కలదు గాని, దానితో ఈ ప్రశ్న తీరదు.

యాయీరు కుమార్తెను లేపుటకు ముందు ప్రభువు జనులను వెలుపలికి పంపివేసి, తలిదండ్రులను, ముగ్గురు శిష్యులను మాత్రమే లోనికి తీసికొనెను. లేపిన తరువాత సంగతి ఎవరికిని తెలియనియ్యవద్దని ఆజ్ఞాపించి, ఆ చిన్నదానికి ఆహారము పెట్టించెను. యొప్పేలో దొర్కా మరణించినప్పుడు పేతురును అందరిని బయటికి పంపెను. అయితే అంతకుముందే, ఆమె కుట్టియిచ్చిన వస్త్రములను విధవరాండ్రు తామే తెచ్చి అతనికి చూపిరి. ఎవరును వారిని వరుసగా నిలువబెట్టలేదు. చూపుట పొందినవారి ఇష్టము. ఇచ్చినవారి హక్కు కాదు. మా తలంపు ఇంతే.

ఇప్పుడు మేము బియ్యము తూచుటను, రసీదులను, వంటపాత్రలను, మోయువారిని తీయుచున్నాము. సంచి చేతులు మారునప్పుడు ఫోను జేబులో ఉండవలెను. ఎవరైనను తమ సంగతి చెప్పగోరిన యెడల, కష్టము గడచిన తరువాత వారికి ముందుగా చూపించి, మరల అడిగి పెట్టుదుము. దాతలకు మాత్రమైన దానిని, వెదకినను దొరకక లింకు ఉన్నవారికే తెరచుకొనునట్లు ఉంచుచున్నాము. (ఆ లింకును ఎవరైన ముందుకు పంపిన యెడల చేయగలిగినదేమియు లేదు.)

దీనివలన నష్టము లేదని చెప్పజాలము. విదేశములోనున్న ఒక దాత, ముఖములు లేని వీడియో తన పిల్లలు చూచుట లేదని వ్రాసెను. ఆయనకు బిల్లులు పంపితిమి. ఆ క్రిస్మసుకు ఆయన కానుక రాలేదు. దుప్పట్లు తక్కువ పంచితిమి. ఆ దుప్పటి అందనివారికి మా నియమమును గూర్చి ఏమి చెప్పవలెనో మాకు ఇంకను స్పష్టముగా తెలియుట లేదు.

ఈ సంవత్సరము స్త్రీల సమాజమువారి కుట్టు తరగతిలో ఒక సహోదరి తన మిషను ఎదుట తనను తీయమని తానే కోరెను. తీసి చూపగా, జాకెట్టు మెడ వంకరగా పడినదని నొచ్చుకొని, విప్పి కుట్టి, మరల తీయించుకొనెను. ఆమెయే దానిని తన బంధువులందరికి పంపుకొన్నది. సింగ్‌నగర్ వీడియోను చూచినంతమంది దీనిని చూడలేదు.