దయ యెంతదూరము చూడవలెను?

పాంజరాపోలులో ముసలి ఆవొకటి కాళ్లు వాచి లేవలేక పడియున్నది. వైద్యుడు వచ్చి నొప్పి తగ్గుటకు సూది వేసెను. రెండవనాడు ఆవు ప్రాణము విడిచెను. కళేబరమును ఊరి వెలుపల వేసిరి. ఇందులో తప్పెవరిది? ఎవరిదియు కాదనియే చాలకాలము లోకము తలచినది.

1990ల నుండి దేశమున రాబందులు కొమ్మలమీదనే మెడలు వాల్చి, నేల రాలి చావసాగినవి. 1992కును 2007కును నడుమ తెల్లవీపు రాబందులు వెయ్యింటికి ఒక్కటి మాత్రమే మిగిలినవి. తెవులని కొందరనుకొనిరి. 2004లో, పాకిస్తానమున చచ్చిన పక్షులను కోసి చూచిన శాస్త్రజ్ఞులు అసలు కారణమును వెల్లడించిరి. అది డైక్లోఫెనాక్ అను నొప్పిమందు. మందు పడిన కొద్ది దినములలో పశువు చనిపోయినచో, అది మాంసములో నిలిచియుండును. తిన్న రాబందునకు మూత్రపిండములు చెడి, యూరిక్ ఆమ్లము గుండెమీదను కాలేయముమీదను తెల్లని సున్నమువలె పేరుకొనును. నూరు కళేబరములలో ఒక్కటి విషమైనను ఆ జాతి నశించుటకు చాలును. ఒక్క కళేబరముపై పదులకొలది పక్షులు వాలును, జంట ఏడాదికి పెట్టునది ఒక్కటే గ్రుడ్డు.

చిత్రమేమనగా, కోతకు పోయిన పశువు రాబందు వరకు రాదు. కడవరకు పోషింపబడి, కడనాడు కూడ మందు పొందిన పశువే వచ్చును. దయ గల చోటనే ఈ విషము పుట్టినది.

రాబందు ఇంటిపై వాలిన అశుభమని జనులు భయపడుదురు. విమలసూరి పఉమచరియములో జటాయువు మునులను చూచి, పూర్వజన్మము తలచుకొని, శ్రావకవ్రతములు గైకొన్న పక్షి. ఆ కథ విన్న ఇండ్లలో కూడ ఈ భయము పోలేదు!

హింసకు లక్షణము చెప్పునపుడు తత్త్వార్థసూత్రము ప్రమాదమును, అనగా ఏమరుపాటును, ముందుంచినది. తెలియక సూది వేసినవానిని నిందింప పనిలేదు. తెలిసిన పిమ్మట మాటేమి? పశువులకు ఆ మందును ప్రభుత్వము 2006లో నిషేధించినది. అయినను మనుష్యుల పేరిట అమ్మెడి పెద్దసీసాలు కొట్టములకు చేరుచుండెను. 2015లో సూదిమందు సీసా 3 మిల్లీలీటర్లకు మించరాదని కట్టడి చేసిరి. రాబందును చంపునవే యగు కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను 2023లో పశువులకు నిషేధించిరి. మెలాక్సికామ్ అను మందు ఆవు నొప్పి తీర్చును, రాబందును చంపదు. కావున ఆవా, రాబందా అను వాదమునకు చోటు లేదు.

మందుల దుకాణమున కూర్చున్న వర్తకుడు, "మనుష్యుల మందే అడిగిరి, ఇచ్చితిని, ఎవరికి వేయుదురో నాకేల?" అనవచ్చును. నీరు వడగట్టక త్రాగనివాని నోట ఈ మాట వినసొంపుగా లేదు. ఆ నీటిలోని జీవి మాత్రము కంటికి కనబడినదా?

పాంజరాపోలు ధర్మకర్తలు ప్రతియేట దాణా లెక్క చూతురు, గడ్డి లెక్క చూతురు. ఏ ఆవునకు ఏ మందు, ఏనాడు వేసిరో ఆ లెక్కయు ఒకమారు అడుగవచ్చును. బెంగుళూరు చేరువనున్న రామదేవరబెట్టను 2012లో రాబందుల అభయారణ్యముగా ప్రకటించిరి. ఆ బండల అంచులమీద మిగిలిన పక్షులు బహు కొద్ది.