గిర్మిట్ బిడ్డ



మన పూర్వులు 'అగ్రిమెంట్' అనే మాట నోరు తిరగక 'గిర్మిట్' అన్నారు. ఆ కాగితం మీద వేలిముద్ర వేసి ఓడెక్కినవాళ్లు ఫిజీ చెరకు తోటల్లో తేలారు. 1879 నుంచి 1916 దాకా సుమారు 60 వేల మంది. 1903 నుంచి మద్రాసు రేవు నుంచీ ఓడలు కదిలాయి. వాటిలో తెలుగువాళ్లూ ఉన్నారు.

ఆ గిర్మిట్ జాతి బిడ్డే జైరామ్ రెడ్డి. లౌటోకాలో పుట్టి, వకీలై, భారతీయ సంతతికి నాయకుడయ్యారు. 1987లో సితివేని రబూకా అనే సైనికాధికారి తిరుగుబాటు చేసి, భారతీయుల మద్దతుతో ఏర్పడిన ప్రభుత్వాన్ని కూలదోశాడు. ఎన్నో కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని దేశం వదిలిపోయాయి.

రెడ్డిగారు మాత్రం పదేళ్లకు అదే రబూకాతో కూర్చుని కొత్త రాజ్యాంగానికి దారి వేశారు. 1997లో స్థానిక తెగల పెద్దల మహాసభలో నిలబడి మాట్లాడారు. అక్కడ ప్రసంగించిన మొదటి భారతీయ సంతతి నాయకుడు ఆయనే. తనవాళ్లను గాయపరిచినవాడికి చెయ్యి అందించడానికి ఎంత గుండె కావాలి! నా దృష్టిలో అది ఏ పదవికన్నా పెద్దది.

జనం ఒప్పుకోలేదు. 1999 ఎన్నికల్లో ఆయన పార్టీకి ఒక్క సీటూ రాలేదు. భారతీయ సంతతి నుంచి తొలి ప్రధాని అయ్యే అవకాశం మహేంద్ర చౌదరిని వరించింది.

ఆ తర్వాత రెడ్డిగారు రువాండా మారణకాండ నిందితులను విచారించిన అంతర్జాతీయ న్యాయస్థానంలో న్యాయమూర్తిగా కూర్చున్నారు. 2022లో కన్నుమూశారు.