నొప్పి అని చెప్పని నోళ్ళు

మా చిట్టికి పద్నాలుగేళ్ళు. మా కాలేజీ స్టాఫ్ రూం వెనక, స్కూటర్ల మధ్య వానలో తడిసి అరుస్తుంటే కొంగులో చుట్టి ఇంటికి తెచ్చుకున్నాను. తర్వాత నేను రిటైరయ్యాను, పిల్లలు ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. చిట్టి మాత్రం నాతోపాటే ముసలిదయింది. పోయిన చలికాలం అది గిన్నె దగ్గరకు ఆత్రంగా వచ్చి, వాసన చూసి, కాసేపు కూర్చుని వెనక్కి వెళ్ళిపోవడం మొదలుపెట్టింది. తిన్నా తల ఒక పక్కకు వంచి తినేది. నోట్లోంచి ముద్ద జారిపోయేది. ఒళ్ళు నాక్కోవడం మానేయడంతో వీపు మీద వెంట్రుకలు ఉండలు కట్టాయి. "వయసైపోయింది కదా" అన్నారు ఇంట్లో. రెండు నెలలు నేనూ అలాగే అనుకుని ఊరుకున్నాను. ముందుగా ఒప్పుకోవలసిన తప్పు అది.

డాక్టరమ్మ చిన్నపిల్ల, మా అమ్మాయి కన్నా చిన్నది. చిట్టి పెదవి పైకెత్తి చూపించింది. చిగుళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. కింది దవడ పన్ను ఒకటి సగం కరిగిపోయి, ఆ గుంటలోకి చిగురు పాకింది. పిల్లుల్లో ఇది చాలా మామూలట. శరీరమే తన పన్నును తాను కరిగించుకుంటుంది. మనుషుల పన్ను పుచ్చినట్టు కాదు, సిమెంటు పూడిస్తే ఆగదు. పన్ను తీసేయడమే మార్గం. "నొప్పి లేదేమో, ఎప్పుడూ అరవలేదు" అన్నాను. "పిల్లులు అరవవు మేడమ్, దాచుకుంటాయి. తినడం తగ్గించడమే దాని అరుపు" అంది.

రక్తపరీక్షలో కిడ్నీలు దెబ్బతిన్నాయని తెలిసింది. క్రియాటినిన్ 2.6 ఉంది. గుండెలో మర్మర్ కూడా వినిపించింది. అసలు చిక్కంతా అక్కడే. పిల్లిని నోరు తెరిచి కదలకుండా కూర్చోమనలేం కాబట్టి పళ్ళ పని ఏదైనా పూర్తి మత్తులోనే చెయ్యాలి. మత్తులో రక్తపోటు పడిపోతుంది. రక్తం సరిగా అందకపోతే అసలే అరకొరగా ఉన్న కిడ్నీ ఇంకొంత చచ్చిపోతుంది. చచ్చిన భాగం మళ్ళీ పుట్టదు. సరే, సెలైన్ ఎక్కిద్దామంటే, గుండె బలహీనంగా ఉన్న పిల్లికి అది కాస్త ఎక్కువైనా ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. కిడ్నీకి మేలు చేసేది గుండెకు కీడు. ఆపరేషన్ తర్వాత మామూలుగా ఇచ్చే నొప్పిమందుల్లో కొన్ని కిడ్నీకి పడవు. మత్తు లేకుండా పళ్ళు గీకించవచ్చని ఎవరో చెప్పారు. దానివల్ల పైన కనిపించే గార పోతుంది, పన్ను తెల్లబడుతుంది. జబ్బు మాత్రం చిగురు కిందే ఉండిపోతుంది. చూసేవాళ్ళ తృప్తి కోసం చేసే వైద్యం అది.

ఆ పిల్ల నా దగ్గర ఏమీ దాచలేదు. 2002 నుంచి 2004 దాకా బ్రిటన్‌లో పెద్ద అధ్యయనం ఒకటి జరిగింది. 2008లో అచ్చయింది. మత్తు ఇచ్చిన ఆరోగ్యవంతమైన పిల్లుల్లో దాదాపు తొమ్మిది వందలకు ఒకటి చనిపోతే, జబ్బుతో ఉన్నవాటిలో డెబ్బైకి ఒకటి చనిపోయింది. ఎక్కువ చావులు బల్ల మీద కాదు, ఆపరేషన్ అయ్యాక, అదీ మొదటి మూడు గంటల్లోనే. "మీరు సంతకం పెడితే ఆ మూడు గంటలూ నేను పక్కనే ఉంటాను. పెట్టకపోయినా మిమ్మల్ని తప్పు పట్టను" అంది.

ఆ కాగితం వారం రోజులు నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంది. "ముసలిది, ప్రశాంతంగా పోనీయరాదూ" అన్నారు మావారు. ఆ మాట నేను అంతకు ముందు విన్నదే. మా అమ్మకు యాభై ఎనిమిదో ఏట పళ్ళు కదిలిపోతుంటే, కట్టించాలా వద్దా అని ఇంట్లో మగవాళ్ళు మాట్లాడుకున్నారు. "ఈ వయసులో ఎందుకులే" అని తేల్చేశారు. ఆ తర్వాత అమ్మ పదిహేడేళ్ళు బతికింది. జంతికలు మానేసింది, చెరుకు మానేసింది, అన్నం మజ్జిగలో మెత్తగా పిసుక్కుని చివర్లో ఒక్కతే తినేది. దవడలో లవంగం పెట్టుకుని "నాకేం నొప్పి లేదులేమ్మా" అనేది. నేను అప్పటికే ఉద్యోగం చేస్తున్నదాన్ని, నా జీతం నాకుంది. ఆమె మాట నమ్మడం నాకు సౌకర్యంగా ఉండి నమ్మాను.

ఆడవాళ్ళను పిల్లులతో పోలుస్తున్నావా అని ఎవరైనా కోప్పడవచ్చు. పోలిక కన్నా తేడానే చెప్పదలచుకున్నాను. అమ్మకు నోరుంది. ఆ నోటితో నొప్పి అని చెబితే ఇంట్లో ఖర్చూ విసుగూ వస్తాయని నేర్పి మనం మాట్లాడనీయలేదు. అలాంటి చోట ఆమె తరఫున ఇంకొకరు నిర్ణయించడం అన్యాయం, చెయ్యవలసింది అడగడం. ఈ దేశంలో 1971 నాటి గర్భస్రావ చట్టం ప్రకారం మేజరైన స్త్రీకి తన అంగీకారం ఒక్కటే చాలు. అయినా భర్త సంతకం అడిగే ఆసుపత్రులున్నాయి. అడగవలసిన మనిషిని వదిలేసి పక్కవాణ్ణి అడిగే అలవాటు అంత గట్టిది. చిట్టిని ఎంత అడిగినా చెప్పలేదు. అక్కడ నేను తప్పుకుంటే దాని స్వేచ్ఛను గౌరవించినట్టు కాదు, దాన్ని నొప్పికి వదిలేసినట్టు. సంతకం పెట్టకపోవడమూ ఒక నిర్ణయమే. కాకపోతే దానికి కాగితం ఉండదు కాబట్టి తర్వాత మనల్ని ఎవరూ అడగరు.

ఆడవాళ్ళ సమస్యలన్నీ తీరాయా, ఇప్పుడు పిల్లుల గురించా అనే ప్రశ్న కూడా ఉంది. ఫ్రాన్సెస్ పవర్ కాబ్ అనే ఐరిష్ స్త్రీవాది 1875లో, బతికున్న జంతువులను కోసి చేసే ప్రయోగాలకు వ్యతిరేకంగా లండన్‌లో సంఘం పెట్టింది. ఆమే 1878లో ఇంగ్లండులో భర్తల చేతుల్లో భార్యలు పడుతున్న హింస గురించి వ్యాసం రాసింది. ఒకదాన్ని పట్టించుకుంటే ఇంకోదాని మీద శ్రద్ధ తగ్గిపోతుందని ఆమె అనుకోలేదు. కానీ ఈ జవాబు కాగితం మీద తేలిక. మా ఇంట్లో పనిచేసే ఆమె ఎదురుగా నిలబడినప్పుడు తేలిక కాలేదు.

ఆమె పేరు రాయనా అని అడిగితే వద్దంది, రాయడం లేదు. ఆపరేషన్ ఖర్చు ఫోన్లో మాట్లాడుతుంటే విని, గిన్నెలు తోముతూనే అంది: "పిల్లి పండ్లు పీకనీకి ఇరవై అయిదు వేలా అమ్మా? నా పన్ను రెండేండ్ల సంది సలుపుతుంది." గొంతులో కోపం లేదు. రెండేళ్ళుగా రోజూ నా వంటింట్లో నిలబడుతున్న మనిషి ఒక పక్కనే నములుతుందని నేను చూడలేదు. అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంతవైద్యశాల ఉందని ఆమెకు తెలుసు. వెళ్తే రోజు పోతుంది, మూడిళ్ళలో పని పోతుంది, మర్నాడు మాటలు పడాలి. చిట్టి కోసం నేను లెక్కపెట్టిన ప్రమాదాల్లాగే ఆమెకూ ఒక లెక్క ఉంది. ఆమె ఎప్పుడో వేసుకుని, వద్దని నిర్ణయించుకుంది.

ఆ రాత్రి పిల్లి సంగతి మానేద్దామనుకున్నాను. మానేస్తే నా మనసు కడిగినట్టవుతుంది, ఆమె పన్ను మాత్రం అలాగే సలుపుతుంది. ఇద్దరి నొప్పినీ పోటీకి పెట్టి, ఒకదాని పేరుతో రెండోదాన్ని తప్పించుకోవడం నాకు తెలిసిన పాత కిటుకే. సంసారాల్లో డబ్బు లేదన్న మాట ఎప్పుడూ ఆడవాళ్ళ పళ్ళ దగ్గరకు వచ్చేసరికే గుర్తొస్తుంది.

నాకు నేను మూడు ప్రశ్నలు వేసుకున్నాను. ప్రశాంతంగా పోనీ అన్నప్పుడు ఎవరి ప్రశాంతత? చేయిద్దాం అన్నప్పుడు, అది లేని ఇల్లు నేను భరించలేననా, దానికి నొప్పి పోవాలనా? ముసలిది అన్న మాట తీసేస్తే మిగిలే కారణం ఏమిటి? మూడోదానికి జవాబు దొరికింది. కిడ్నీలు, గుండె నిజమైన కారణాలు. వయసు కారణం కాదు, సాకు.

గుండెకు స్కానింగ్ చేయించాం. రక్తపోటు చూపించాం. మత్తు తక్కువ సరిపోయేలా దవడకు తిమ్మిరి సూది వేస్తామన్నారు. నోరు తెరిచి ఉంచే స్ప్రింగు పరికరం బలంగా సాగదీస్తే పిల్లుల్లో మెదడుకు రక్తం తగ్గి చూపు పోవచ్చని ఎక్కడో చదివి భయపడుతూ అడిగాను. అది వాడనని డాక్టరమ్మ చెప్పింది. కాగితంలో "యజమాని సంతకం" అని ఉన్న చోట పేరు రాశాను. ఆ మాట నచ్చలేదు కానీ బాధ్యత మాత్రం నాదే.

అయిదు పళ్ళు తీశారు. గంటంబావు పట్టింది. క్రియాటినిన్ మూడు దాటి, మూడు వారాలకు 2.8 దగ్గర ఆగింది. ముందున్న 2.6కి రాలేదు. అంటే దాని ఆయుష్షులోంచి ఎంతో కొంత నేను ఖర్చు పెట్టాను. నాలుగో రోజు గిన్నె ముందు కూర్చుని తల వంచకుండా తింది. ఇప్పటికి ఏడు నెలలయింది. బతికింది కాబట్టి నేను చేసింది ఒప్పని చెప్పను. ఆ డెబ్బైలో ఒకటి చిట్టే అయ్యుంటే అందరూ తప్పన్నట్టే చూసేవారు, నేనూ అనుకునేదాన్నేమో. కానీ సంతకం పెట్టిన ఉదయం నాకు తెలిసినవీ, నేను చూసినవీ రెండు సందర్భాల్లోనూ అవే కదా. నన్ను వాటిని బట్టే తూచాలి.

పనామెను అఫ్జల్‌గంజ్ పంపడానికి అదే నెలలో రెండు రోజులు జీతంతో సెలవిచ్చాను. మిగతా రెండిళ్ళతో నేనే మాట్లాడనా అని అడిగాను. ఒకరితో మాట్లాడమంది, ఇంకొకరితో తనే చెప్పుకుంటానంది. పన్ను తీయించుకుని వచ్చి, బుగ్గ పట్టుకుని, గుమ్మంలో పడుకున్న చిట్టిని దాటుతూ "నీదీ పాయె, నాదీ పాయె" అంది. రెండేళ్ళ సంగతి ఆమె ఎత్తలేదు. నేను ఎత్తాను.