అడక్కపోయినా చెప్పాలా?

ఈ వారం వీడియోలో తులాధారుడి కథ చెప్పుకున్నాం కదా. జడల్లో పక్షులు గూడు కట్టుకున్నా కదలకుండా తపస్సు చేసిన జాజలి, కాశీలో సరుకులు అమ్ముకునే ఒక వ్యాపారి దగ్గరికి వెళ్లి ధర్మం తెలుసుకుంటాడు. ఆ వ్యాపారి గొప్పతనమల్లా తన త్రాసు ఎవరి వైపూ మొగ్గకపోవడమే. టైమ్ చాలక వీడియోలో వదిలేసిన ప్రశ్న ఒకటుంది. సరుకు గురించి అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియనిది ఉంటే? అది కూడా ఆ త్రాసులోకి వస్తుందా?

నాకు ఈ ప్రశ్న పురాణంలోంచి రాలేదు, మా పెదనాన్నగారి అబ్బాయి ఇంటి బేస్‌మెంట్‌లోంచి వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలో, ఆల్బనీకి ఇంకా పైన ఉంటుంది ఆ ఇల్లు. గట్టి చలికాలమైతే మైనస్ 20కి దిగుతుంది. ఇంట్లో ఆయిల్ బాయిలర్ ఉంది. ఆయిల్ ఖర్చు భరించలేక అన్నయ్య పక్కనే ఒక కట్టెల బాయిలర్ పెట్టి, రెండింటినీ ఒకే పైపులైన్‌కి కలిపాడు. కట్టెలు మండుతున్నంతసేపు ఆయిల్‌ది ఊరుకుంటుంది. నీళ్ల వేడి తగ్గితే అదే ఆన్ అవుతుంది. తను మెకానికల్ చదివాడు, పని చక్కగా చేశాడు. కాకపోతే పర్మిట్ తీసుకోలేదు.

ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి, అసలు చిక్కు ఇందులోనే ఉంది. కరెంటు పోతే ఆయిల్ బాయిలర్ ఆగిపోతుంది. కట్టెల మంట ఆగదు. పంపు తిరగదు కాబట్టి వేడి ఎక్కడికీ పోదు, నీళ్లు మరిగి ప్రెషర్ పెరుగుతుంది. ప్రెషర్ రిలీఫ్ వాల్వ్ ఉంటుంది గానీ అది చివరి దిక్కు. అంతదాకా రాకుండా, పంపు లేకపోయినా వేడి తనంతట తానే పైకి వెళ్లిపోయే ఒక లూప్ పెడతారు. కరెంటు పోగానే దాని వాల్వ్ దానంతటదే తెరుచుకోవాలి. అన్నయ్య ఇంట్లో దాన్ని చేత్తో తిప్పాలి. మంచుతుఫానులో కరెంటు పోయిందంటే టార్చి పట్టుకుని కిందికి పరిగెత్తేవాడు. అంటే ఆరేళ్లుగా ఆ సిస్టమ్‌లో ఆటోమేటిక్ పార్టు అన్నయ్యే. ఇల్లు అమ్మితే ఆ పార్టు డాలస్ వెళ్లిపోతుంది.

వదిన మాటలో న్యాయం లేకపోలేదు. "ఆరేళ్లలో ఒక్క గొడవ లేదు. అడిగితే చెబుదాం. అడక్కుండానే మనమే భయపెట్టడమెందుకయ్యా?" అంది. అన్నయ్యకి అప్పటికే డాలస్‌లో ఉద్యోగం. అక్కడ అద్దె, ఇక్కడ లోను.

చట్టం ఏమంటుందో చూశాను. ఇంట్లో తెలిసిన లోపాలు ఫారం మీద రాసివ్వాలని న్యూయార్క్‌లో 2002 నుంచీ ఉంది. కానీ అందులో ఒక సందు పెట్టారు. ఫారం ఇవ్వకపోతే కొనేవాళ్లకి 500 డాలర్లు తగ్గిస్తే సరిపోయేది. లాయర్లు కూడా అదే సలహా ఇచ్చేవాళ్లు. 2024 మార్చిలో ఆ సందు మూసేశారు. అంతవరకు మౌనానికి అక్కడ 500 డాలర్ల రేటు ఉండేదన్నమాట! మరి 2023లో అమ్మి ఉంటే అది ధర్మమైపోయేదా? నాకలా అనిపించదు. చట్టం ఫారం అడుగుతుంది, తులాధారుడు అడిగేది వేరు. మనుస్మృతిలో మనం ఒప్పుకోలేనివి చాలా ఉన్నాయి, అది వేరే చర్చ. కానీ ఎనిమిదో అధ్యాయంలో కల్తీది, పసలేనిది, తూకం తగ్గింది, మరుగున దాచింది అమ్మకూడదని ఉంది. బేరమయ్యాక మనసు మారితే పదిరోజుల్లోపు తిరిగిచ్చేయొచ్చని కూడా ఉంది. కొనేవాడు అడిగాడా లేదా అన్న షరతు అక్కడ లేదు.

అన్నయ్య దాచే మనిషి కాదు. పైగా ఉత్సాహంగా 23 పేజీల పీడీఎఫ్ తయారుచేశాడు, డ్రాయింగ్‌లతో సహా. నేను చదివాను. వాల్వ్ సంగతి 17వ పేజీలో ఉంది. మా ఆఫీసులో కూడా ఇంతే, సర్వర్‌ని కూల్చే విషయం ఎప్పుడూ డాక్యుమెంట్‌లో చివరెక్కడో ఉంటుంది. నాకు వెంటనే ధర్మరాజు గుర్తొచ్చాడు. ద్రోణుడితో ఆయనా అన్నీ చెప్పాడు, "ఏనుగు" అన్న మాటతో సహా. వినపడకుండా చెప్పాడంతే. అప్పటిదాకా నేలకి నాలుగు వేళ్ల ఎత్తున నడిచిన రథం కిందికి దిగింది. విచిత్రమేంటంటే, శాంతిపర్వంలో భీష్ముడు తులాధారుడి కథ చెప్పింది ఈ ధర్మరాజుకే, ఆ యుద్ధం అయిపోయాకే.

"అన్నయ్యా, ఇది ఒక్క పేజీ చెయ్. వాల్వ్ మొదటి లైన్లో ఉండాలి" అన్నాను. చేశాడు. కానీ ఆ పేజీ చదివేది కొనే మనిషి. రాత్రి రెండింటికి కరెంటు పోయినప్పుడు ఇంట్లో ఉండేది వాళ్ల పిల్లలో, అద్దెకొచ్చినవాళ్లో కావచ్చు. వాళ్లకెవరు చెబుతారు? ఆ మాట అన్నాక అన్నయ్య ఇంకేం వాదించలేదు. లైసెన్స్ ఉన్న ప్లంబర్‌ని పిలిచి, కరెంటు పోతే దానంతటదే తెరుచుకునే వాల్వ్ పెట్టించాడు. టౌన్ ఆఫీసుకి వెళ్లి ఆలస్యంగానైనా పర్మిట్‌కి అప్లై చేశాడు. ఆ పేజీ కూడా ఉంచాడు.

మొదట వచ్చిన జంట ఆ పేజీ చదివి వెనక్కి తగ్గారు. తర్వాత వచ్చిన పెద్దాయన చదివి, చలికాలానికి కట్టెలెన్ని పడతాయని అడిగాడు. ధర కొంత తగ్గించాల్సి వచ్చింది, ఈలోపు రెండు నెలలు రెండిళ్ల ఖర్చు. ఆ లెక్క వదిన ఇప్పటికీ నాకు డాలర్లతో సహా చెబుతుంది. లెక్క తప్పని నేనెప్పుడూ అనలేదు.