ఇల్లు ఖాళీ చేయించు దేవుడు

ధ్యానభాగము: లేవీయకాండము 14:33-38; యెహెజ్కేలు 33:14-16



ఇల్లు అమ్మదలచిన వారు ముందుగా చేయు పని యొకటి యున్నది. కొనువారు చూడవచ్చు దినమునకు ఇల్లు సర్దుదురు. అటకమీది సామాను దింపుదురు, పనికిరానిదానిని పారవేయుదురు, గోడలకు సున్నము వేయింతురు. ఇది కేవలము లోకసంబంధమైన పని వలె కనబడును. అయితే ఇల్లు ఖాళీ చేయుటను గూర్చి పరిశుద్ధ గ్రంథము ఏమి బోధించుచున్నదో మనలో అనేకులము ఆలోచించి యుండము.

లేవీయకాండము 14వ అధ్యాయములో ఇంటిగోడకు పట్టు కుష్ఠుపొడను గూర్చిన విధి కలదు. గోడమీద పచ్చనివో ఎఱ్ఱనివో మచ్చలు పల్లముగా కనబడినయెడల, ఇంటి యజమానుడు తానే యాజకుని యొద్దకు వెళ్లి ఆ సంగతి తెలుపవలెను. యాజకుడు లోపలికి రాకముందే ఇంటిలోని సామానంతయు వెలుపలికి తేవలెను. ఆ తరువాతనే అతడు ప్రవేశించి గోడలు చూచును. ఈ క్రమమును గమనించుడి. మొదట ఖాళీ చేయుట, తరువాత పరీక్ష. ఇందులో దేవుని కనికరము కూడ నున్నది. ఏలయనగా ముందుగా బయటికి తెచ్చిన సామాను ఇంటితోపాటు అపవిత్రమని యెంచబడదు. కాని సామాను నిండియున్నంత కాలము గోడ ఎట్టిదో ఎవరికిని తెలియదు, యజమానునికి సహితము తెలియదు.

ఈ వాక్యము వేదపాఠశాలలో చదివినప్పటికంటె మా తండ్రిగారి యింటిలో మాకు ఎక్కువగా బోధపడినది.

మా తల్లిదండ్రులు ప్రభువు సన్నిధికి చేరిన తరువాత అన్నదమ్ములము ముగ్గురము స్వగ్రామమందలి పెంకుటిల్లు అమ్మ నిశ్చయించుకొంటిమి. అందులో కాపురముండువారు లేరు; వానకాలమునకు ముందు పెంకులు సర్దించువారును లేరు. కొనదలచిన వారొకరు చూడవచ్చెదమనిరి. మేము పది దినములు ముందుగా కుటుంబములతో వెళ్లితిమి.

మా తండ్రిగారు దేనిని పారవేయువారు కారు. “ఎప్పటికైనా పనికొస్తుంది” అనుట వారి వాడుక. అందువలన ఆ యింట నడుచుటకు త్రోవ లేకుండెను. చినిగిన గోనెసంచులు, విరిగిన కాడి, తాళములు లేని తాళపుచెవులు, పలుకని రేడియో, కాళ్లు విరిగిన కుర్చీలు, ఎప్పటివో క్రిస్మస్ నక్షత్రపు వెదురుచట్రములు, దారము కట్టి దాచిన సంఘపత్రిక సంచికలు, అన్నియు ఒకదానిమీద ఒకటి పేరుకొని యుండెను.

మేము వాకిటిలో మూడు కుప్పలు పెట్టితిమి. ఉంచుకొనునవి ఒకటి, ఇతరులకు ఇయ్యదగినవి ఒకటి, పారవేయునవి ఒకటి. మా వదినె గారు చూచి, “నాలుగోది కూడా పెట్టండి. మనవి కానివి” అనిరి. మాకు నవ్వు వచ్చెను. కాని సాయంకాలమునకు ఆ నాల్గవ కుప్పలో పొరుగువారి నిచ్చెన, ఒక మేస్త్రీ తాపీ, సంఘమువారి పెట్రోమాక్సు లైటు చేరియుండెను. మా నవ్వు ఆగిపోయెను.

మూడవ దినమున ఉత్తరపు గోడకు ఆనించిన పెద్ద బీరువా జరిపితిమి. దాని వెనుక గోడ నిలువున చెమ్మగిల్లి, వ్రేలితో తాకగా మన్ను రాలుచుండెను. బేరము కుదుర్చుచున్న మధ్యవర్తి, “రెండు పూతలు సున్నం కొట్టించండి, బీరువా మళ్లీ అక్కడే పెట్టండి. రిజిస్ట్రేషన్ అయ్యేదాకా ఎవరు చూస్తారు?” అనెను. మా తమ్మునికి ఆ మాట బాగుగానే తోచెను. మాకును ఒక రాత్రి బాగుగానే తోచినదని ఒప్పుకొనుచున్నాము. యెహెజ్కేలు 13వ అధ్యాయము ప్రసంగించిన నోరు మాది. బలములేని గోడకు పైపూత పూయువారిని గూర్చియు, వాన కురిసి ఆ గోడ కూలుటను గూర్చియు సంఘమునకు బోధించితిమి. కాని ఆ గోడ మనదైనప్పుడు, ఆ వాన ఇతరుల నెత్తిమీద కురియబోవునప్పుడు, ఆ వాక్యమును తప్పించుకొన మనస్సు ఎంత తొందరపడును!

దేశమందలి చట్టము కూడ ఈ విషయమున మౌనముగా లేదు. 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము, 55వ సెక్షను ప్రకారము, అమ్మువాడు ఎరిగియుండి, కొనువాడు సాధారణమైన జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యలోపమును అమ్మువాడే తెలుపవలెను. దీనికి అనేక శతాబ్దములకు ముందు యిర్మీయా ప్రవక్త అనాతోతులోని పొలమును కొనినప్పుడు 17 తులముల వెండి త్రాసులో తూచి, సాక్షులను పెట్టి, ముద్రవేసిన పత్రముతోపాటు తెరచియున్న పత్రమును కూడ వ్రాయించెను (యిర్మీయా 32). దేవుని ప్రజల క్రయవిక్రయములలో తెరచియున్న పత్రము ఒకటి ఎల్లప్పుడు ఉండవలెను. కొనువారు వచ్చినప్పుడు బీరువా లేని గోడను చూపితిమి. వారు వెల తగ్గించి అడిగిరి. మేము ఒప్పుకొంటిమి.

అయితే గోడకంటె కష్టమైనది అటకమీద నుండెను.

అయిదవ దినమున గోనెసంచుల అడుగున, మూలకు నెట్టబడి, నల్లబడిన ఇత్తడి బిందె యొకటి దొరికెను. తూకమునకు అమ్మవలసిన ఇత్తడితో మా తమ్ముడు దానిని చేర్చెను. మా వదినె గారు చింతపండుతో దాని మెడ తోమి, అక్కడ చెక్కియున్న పేరును చదివిరి. అది మా యింటిపేరు కాదు. చదివిన వెంటనే మేము ముగ్గురము ఒకరి ముఖము ఒకరము చూచుకొంటిమి.

ఆ పేరుగల స్త్రీని మేమెరుగుదుము. ముప్పది అయిదు సంవత్సరముల క్రితము పంట పోయిన యేట ఆమె ఈ బిందెను మా యింట తాకట్టుపెట్టి కొంత ధాన్యము తీసికొనెను. మరుసటి కోతలలో పనిచేసి ఆ ఋణము తీర్చెను. బిందె అడుగగా మా తండ్రిగారు వెదకిరి, కనబడలేదు. “ఇచ్చేశాము గదా” అనిరి. వారు అట్లే నమ్మిరి. ఆమె మరల మరల అడిగెను. ఊరివారు పేరుగల సంఘపెద్ద మాటనే నమ్మిరి గాని కూలిపని చేయు విధవరాలి మాట నమ్మలేదు. మేము పిల్లలము ఆమెను “బిందె ముసలి” అని వెక్కిరించితిమి. ఆమె మా గడప త్రొక్కుట మానెను.

మా తండ్రిగారు దొంగ కారు. ఇది వారి బిడ్డలముగా పక్షపాతముతో చెప్పుచున్న మాట కాదు. దొంగ అయినయెడల బిందె అమ్ముడుపోయి యుండెడిది. వారి తప్పు వేరొకటి. దేనిని పారవేయని యింటిలో పరునిది ఏదో తనది ఏదో తెలియకపోయెను. వస్తువులమీద వస్తువులు పడి, ఒక బీదరాలి సత్యమును కప్పివేసెను. ప్రియులారా, ఇల్లు చిందరవందరగా నుండుట కేవలము సోమరితనమని మనము తలంచుదుము. కాని ఆ చిందరవందరలో పొరుగువానికి రావలసినది మరుగుపడినయెడల, మనము అబద్ధమాడ తలంపకున్నను మన యిల్లే అబద్ధమాడును.

“ఇప్పుడీ సంగతి ఎందుకు ఎత్తడం? నాన్నగారు లేరు. ఆయన పేరు పోతుంది” అని మా తమ్ముడు కన్నీటితో అనెను. ఇది తేలికయైన మాట కాదు. తండ్రిని సన్మానింపుమను ఆజ్ఞ మాకును తెలియును. అయితే తాకట్టును మరల అప్పగించువాడు బ్రదుకునని యెహెజ్కేలు 33వ అధ్యాయము తెలుపుచున్నది. తండ్రి బ్రదికియుండి బిందెను చూచినయెడల తానే మోసికొని పోయియుండును. ఆయన చేయలేకపోయిన దానిని చేయుటయే ఆయనకు సన్మానమని ముగ్గురము ఏకమనస్సుతో నిశ్చయించుకొంటిమి.

ఆ సాయంకాలము బిందెను తీసికొని వెళ్లితిమి. ఆమె కన్నులు మసకబారియున్నవి. ఆ పేరుమీద వ్రేలు పెట్టి ఒక్కొక్క అక్షరము తడవి చూచెను. “పెద్దమ్మా, తప్పు మాది. క్షమించు. ఇన్నేళ్ల నష్టానికి కొంత ఇస్తాము” అంటిమి. మూలముతోపాటు అయిదవ వంతు చేర్చి ఇయ్యవలెనను లేవీయకాండము 6వ అధ్యాయపు విధి మా మనస్సులో నుండెను. ఆమె, “డబ్బు నాకెందుకు నాయనా? నేను అబద్ధం ఆడలేదని నలుగురిలో చెప్పండి చాలు” అనెను. కొంత సేపటికి, “మీ నాన్న ఉండగా దొరికితే బాగుండేది” అనెను. ఆ మాటకు మా యొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను, నేటికిని లేదు.

ఆ ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ముగ్గురము సంఘము యెదుట నిలిచి జరిగినది చెప్పితిమి. ఆమె ముందు వరుసలో కూర్చుండి వినెను.

తరువాత ఇల్లు రిజిస్టరు ఆయెను. కొనినవారు రిజిస్ట్రారు కచేరీ నుండి ఋణభార పత్రము తెప్పించుకొనిరి. అందులో ఏ తాకట్టును లేదు. నిజమే. రిజిస్టరైన తాకట్టులు ఆ పత్రములో కనబడును గాని అటకమీది బిందె కనబడదు. దానిని చూచువాడు దేవుడొక్కడే, చూపించువాడును ఆయనయే.

హిజ్కియా రాజు దినములలో దేవుని మందిరమును శుద్ధిచేయుటకు 16 దినములు పట్టెను (2 దినవృత్తాంతములు 29). యాజకులు లోపలి భాగములోనికి వెళ్లి అక్కడి అపవిత్రమును ఆవరణములోనికి తెచ్చిరి. లేవీయులు దానిని కిద్రోను వాగునకు మోసిరి. మందిరమునకే అన్ని దినములు పట్టినయెడల మన హృదయము ఒక్క పూటలో శుద్ధియగునని తలంపవద్దు. అయితే మొదటి దినము ఒకటి ఉండవలెను.

కావున ప్రియులారా, ఇల్లు అమ్మువరకు ఆగకుడి. మనమందరము ఒక దినమున ఇల్లు విడిచి పోవువారమే. ఈ నెలలో ఒక దినము ఏర్పరచుకొని, కుటుంబమంతయు కలిసి అటక దింపుడి. ఇయ్యదగినదానిని దాచక ఇచ్చివేయుడి. నాల్గవ కుప్పను మరువకుడి. తెచ్చి మరచిన పుస్తకమా, తీర్చని కూలియా, ఇచ్చెదమని ఇయ్యని కానుకయా, ఒకరిమీద మోపిన నిందయా? యజమాని బ్రదికియుండగానే దానిని మోసికొని వెళ్లుడి. ఆలస్యమైనయెడల ఇచ్చుటకు బిందె మిగులును గాని పుచ్చుకొనుటకు మనిషి మిగులకపోవచ్చును.

ప్రార్థన: పరిశోధించు దేవా, మేము కప్పిన గోడలను నీవు చూచుచున్నావు. మాది కానిదానిని వెదకి అప్పగించు ధైర్యమును మాకు దయచేయుము. మా వలన మాట పోగొట్టుకొన్న వారికి వారి మాటను తిరిగి యిచ్చు కృప దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.