లేనిది చేయు కీడు

లేనిది కారణము కాగలదా అను ప్రశ్న మన దర్శనములలో మిక్కిలి ప్రాచీనమైనది. మణి చెంతనున్నంతవఱకు అగ్ని కాల్పదు, మణిని తొలగించిన కాల్చును. కావున దాహమునకు అగ్నితోపాటు మణి లేకుండుటయు కారణమేయని నైయాయికులు వాదించిరి. అగ్నియందొక శక్తి కలదనియు, మణి దానిని అణచుచున్నదనియు, అభావమునకు కారణత్వము నంగీకరింప నక్కఱలేదనియు మీమాంసకులు బదులు చెప్పిరి. ఇది పండితసభలకు మాత్రమే చెందిన తర్కవినోదమని తలంపరాదు. విహితకర్మమును చేయనివానికి ఆ చేయమివలననే పాపము పుట్టునా? ఆకలిగొన్నవానికి అన్నము పెట్టకపోవుట యను నొక లేమి లోకమున నేదేని ఫలమును కలిగించునా? ధర్మవిచారమంతయు ఈ ముడిచుట్టును తిరుగుచున్నది. పందొమ్మిదవ శతాబ్దాంతమున వైద్యశాస్త్రము తానెఱుగకయే ఈ వాదమున ప్రవేశించినది. ఆ ప్రవేశమునకు గుర్తుగా మిగిలిన మాట, నేడు శంషాబాదునుండి తొండుపల్లివఱకు రహదారి ప్రక్కనున్న ఏ మందులదుకాణమునందైనను వినవచ్చు 'విటమిన్' అను మాట.

పాశ్చరును కోకును సూక్ష్మజీవులను చూపిన తరువాత, ప్రతి రోగమునకును శరీరములో చొరబడిన శత్రువొకడు ఉండి తీరవలెనని వైద్యులు నమ్మిరి. కాళ్లు చచ్చుబడి, ఒడలికి నీరుపట్టి, తుదకు గుండె నిలిచిపోవు బెరిబెరి వ్యాధికిని అట్టి క్రిమినే వెదకుటకై 1886లో డచ్చివారు జావాకు వైద్యులను పంపిరి. వారిలో నొకడైన ఐక్‌మన్ ప్రయోగశాలలో పెంచుచున్న కోళ్లకు అట్టి జబ్బే వచ్చి, కొన్ని నెలలకు తనంతట తానే పోయినది. విచారింపగా, ఆ నెలలలో సైనిక ఆసుపత్రి వంటవాడు మిగిలిన తెల్లని అన్నమును కోళ్లకు వేయుచుండెననియు, తరువాత వచ్చిన వంటవాడు సైనికుల బియ్యమును సైన్యమునకు చెందని కోళ్లకు పెట్టనొల్లకుండెననియు తెలిసినది. అంత స్పష్టముగా కనబడినను ఐక్‌మన్ మనసు లేమిని కారణముగా నొప్పుకొనలేదు. మరబియ్యమున నేదో విషమున్నదనియు, తవుటిపొరలో దానికి విరుగుడున్నదనియు ఆతడు భావించెను. తెల్లబియ్యమున విషమేమియు లేదు, ఉండవలసినదొకటి లేదని ఆతని తరువాత పనిచేసిన గ్రీన్స్ 1901లో చెప్పెను. కంటికి కనబడినదానిని నమ్ముటకంటె కనబడనిదాని లేమిని నమ్ముట ఎంత దుష్కరమో ఈ పదేండ్ల తడబాటు తెలుపుచున్నది.

ఈ వ్యాధి మనకు పరాయిది కాదు. మాల్కమ్సన్ అను వైద్యుడు 1835లోనే మద్రాసున దీనిపై గ్రంథము ప్రకటించెను. ఉత్తరసర్కారుల తెలుగువారు దీనిని చిరకాలము అనుభవించిరి. అఱవదేశమున వడ్లను ఉడికించి దంచిన ఉప్పుడుబియ్యము తినువారికి ఈ బాధ తక్కువ, పచ్చిబియ్యమును మరపట్టించి తినువారికి ఎక్కువ. వడ్లను ఉడికించునపుడు పైపొరలోని సారము గింజలోనికి ఇంకునని తరువాత తెలిసినది. రోకటిపోటుతో దంపుడుబియ్యము తిన్న ఇల్లాండ్రు శాస్త్రమెఱుగకయే కాపాడుకొన్నదానిని మర ఊడ్చివేసినది.

ఇక మాట సంగతి. వార్సాలో పుట్టి లండనులోని లిస్టరు సంస్థలో పనిచేసిన కాసిమిర్ ఫంక్ 1912లో ఈ పేరు పెట్టెను. లాటిను భాషలో 'వీటా' యనగా జీవము. 'అమైన్' అనునది అమోనియానుండి పుట్టిన రసాయనముల జాతి. అమోనియా యను పేరు, కళాయి పోయువారు వాడు నవాసాగరమునకు పాశ్చాత్యులిచ్చిన పేరునుండి వచ్చినది. ఆ లవణము ఐగుప్తీయుల దేవుడైన అమ్మోను ఆలయ పరిసరములందు దొరకెడిదట. జీవమొక వైపు, మఱచిపోయిన దేవుడొకడు మఱొక వైపు ఉన్న ఆ మాటను ఫంకు 'విటమైన్' అని పలుకునట్లు కూర్చెను. కొలదికాలములోనే చిక్కు వచ్చినది: ఈ ద్రవ్యములన్నియు అమైనులు కావు. 1920లో డ్రమండ్ అను రసాయనజ్ఞుడు ఒక చిన్న సవరణ సూచించెను. పేరు అప్పటికే వాడుకలో పాతుకొనిపోయినది, దానిని పాఱవేయ నక్కఱలేదు, చివరనున్న 'ఈ' అను ఇంగ్లీషు అక్షరమును మాత్రము తీసివేసిన చాలును. అప్పుడది అమైనును సూచింపక, కూర్పు తెలియని తటస్థ ద్రవ్యమునకు రసాయనసంఘము అనుమతించిన అంత్యమును పొందును. ఈ సవరణలోని వినయము నాకు మిక్కిలి గౌరవపాత్రముగా తోచును. తెలియనిదానిని తెలిసినట్లు చెప్పుచున్న అక్షరమొకటి తొలగినది, అంతే. కాని జీవమను తొలిభాగము చెక్కుచెదరలేదు. జీవము ఒక ద్రవ్యమున నున్నదా అని ఎవ్వరును అడుగలేదు.

ఆ తవుటిసారమేమో తుదకు తేల్చినవాడు మన నెల్లూరున పుట్టినవాడు. అమెరికా బాప్టిస్టు మిషనరీల కుమారుడైన రాబర్ట్ విలియమ్స్ 1886లో అక్కడ జన్మించెను. 1910లో మనీలాలో తవుటిసారమును పరీక్షింప మొదలిడి, 1936లో దానిని కృత్రిమముగా నిర్మించెను. గంధకమును సూచించు గ్రీకుపదముతో ముడిపెట్టి దానికి 'థయమిన్' అని పేరిడిరి. ఇది నిజముగా అమైనే యగుటచే, విటమిన్ వదలుకొన్న ఆ అక్షరమును పలువురు దీనికి మరల చేర్చి వ్రాయుదురు, చేర్చకయు వ్రాయుదురు.

ఒక ప్రత్యయముపై అర్థమంతయు ఆధారపడుట మన భాష్యకారులకు క్రొత్త కాదు. విహితకర్మమును చేయనివాడు దోషమును పొందునని మనుస్మృతి చెప్పినచోట, 'చేయని' అను అర్థమున శతృప్రత్యయము వాడబడినది. ఆ ప్రత్యయము హేతువునకు వచ్చును, లక్షణమునకును వచ్చునని పాణిని సూత్రించెను. తైత్తిరీయభాష్యారంభమున శంకరులు దీనిని లక్షణార్థమున గ్రహించిరి: చేయమి పాపమును పుట్టింపదు, ముందే కూడియున్న పాపమునకు అది గుర్తు. అట్లుగాక అభావమునుండి భావము పుట్టునన్నచో ప్రమాణములన్నియు కలతపడునని వారి తాత్పర్యము.

రసాయనము శంకరుల పక్షమునకే మొదట సాక్ష్యమిచ్చినట్లు కనబడును. ఆక్స్‌ఫర్డున పీటర్స్ అను శాస్త్రజ్ఞుడు పావురములపై చేసిన పరిశోధనలలో, థయమిన్ కొఱవడిన మెదడున పిండిపదార్థము నడుమదారిలో నిలిచిపోయి పైరువిక్ ఆమ్లము పేరుకొనుట బయలుపడినది. లేమి తానై ఏమియు చేయలేదు. తిన్న అన్నమే దారి తప్పినది. మన మెట్టసీమ చూపిన ఉదాహరణము మఱింత సూక్ష్మమైనది. తొండుపల్లి మీదుగా పాలమూరువైపు సాగు నేలలందు జొన్నరొట్టె, జొన్నగటక పేదల తిండిగా నుండెను. ఆ జొన్న తినువారిలో చర్మము గరుకెక్కి నల్లబడు పెల్లాగ్రా కనబడుచుండెను. ఇటలీవారి భాషలో ఆ పేరునకర్థము గరుకుచర్మమనియే. ఇది నయసిన్ అను విటమిను లోపమని లోకము చెప్పినది. కాని జొన్నలో నయసిన్ తక్కువ కాదు! 1958లో కూనూరునుండి హైదరాబాదునకు తరలివచ్చిన పోషణపరిశోధనశాలలో గోపాలన్, శ్రీకంఠయ్యలు 1960లో వేఱొక హేతువును ప్రతిపాదించిరి: జొన్నలో మితిమీఱిన ల్యూసిన్ అను ద్రవ్యము శరీరమునకు నయసిన్ దక్కకుండ చేయుచున్నది. పిమ్మట కొందఱు దీనినాక్షేపించిరి. అది యెట్లున్నను, లేమియని మనమనుకొన్నచోట ఒక అడ్డంకి యుండవచ్చునన్న ఆలోచన నైయాయికుల మణిని స్మరింపజేయుచున్నది.

అయినను నా మనస్సు ఇచట శంకరుల వాక్యమును సంపూర్ణముగా అనుసరింపజాలదు. అభావము భావమును పుట్టింపదనుట పదార్థవిచారమున సత్యమే కావచ్చును. కాని ఉండవలసినదని యొకరు తెలిసికొని, ఉంచగలిగియు ఉంచని లేమి వట్టి శూన్యము కాదు, అందొక నిర్ణయమున్నది. ఆ తైత్తిరీయోపనిషత్తుననే భృగువు తొలుత అన్నమునే బ్రహ్మమని గ్రహించి, తృప్తి చెందక మరల తపస్సు చేసి, ప్రాణ మనో విజ్ఞానములను దాటి ఆనందమును చేరెను. అంత చేరిన తరువాత ఉపనిషత్తు అన్నమును విడిచిపెట్టలేదు. అన్నమును నిందింపరాదు, త్రోసిపుచ్చరాదు, సమృద్ధి చేయవలెను, ఇంటికి వచ్చినవానిని కాదనరాదని వ్రతములు విధించినది. జీవము అన్నమున లేదని తెలిసినవానికే అన్నవిషయమున బాధ్యత హెచ్చినదన్నమాట.

ఆ బాధ్యత నేటి అన్నమున ఎట్లు తీఱినదో చూతము. భీమవరమున 1895లో పుట్టిన శాస్త్రజ్ఞుడు యల్లాప్రగడ సుబ్బారావు సోదరుని స్ప్రూ అను వ్యాధి బలిగొన్నది. సుబ్బారావు బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమను విటమినును నిర్మించినది. నాలుగు టన్నుల పాలకూర సారము తీసి, ఆకు అను అర్థముగల లాటినుపదమునుండి దానికి 1941లో పేరు పెట్టినవారిలో నెల్లూరు విలియమ్స్ తమ్ముడు రోజర్ ఒకడు. ఆ ఫోలిక్ ఆమ్లమే ఇటీవలి యేండ్లలో ఇనుముతోను బి12తోను కలిసి, బియ్యపుపిండితో చేసిన గింజలై, నూటికొకటి చొప్పున రేషనుబియ్యమున చేరినది. కొన్ని ఇండ్లలో వానిని ప్లాస్టిక్ బియ్యమని శంకించి, చాటలో ఏరి పాఱవేసిరి. గింజ రంగు వేఱుగా నుండుటచేతను, నీటిలో తేలుటచేతను వచ్చిన ఆ శంకలో వారి తప్పేమియు లేదు. బియ్యము కొలిచి ఇచ్చునపుడు ఆ గింజ ఏమిటో ఒక్క మాట చెప్పువారు ఉండవలసినది. పలు దుకాణములలో ఆ మాట చెప్పువారు లేకపోయిరి.