ఊరి చరిత్ర ఎవరింట్లో ఉండాలి?

ఉదయగిరి బాలకృష్ణుడు ఉదయగిరిలో లేడు. 1514లో గజపతుల దగ్గర్నుంచి కోటను గెలుచుకున్న శ్రీకృష్ణదేవరాయలు ఆ విగ్రహాన్ని విజయనగరం తీసుకెళ్ళి, దానికోసం గుడి కట్టించి, 1515లో ప్రతిష్ఠించాడు. హంపీలో ఆ గుడి ఇంకా ఉంది, అందులో దేవుడు లేడు. విగ్రహం ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది.

రాయలు కొల్చుకోవడానికే తీసుకెళ్ళాడు. మ్యూజియం వాళ్ళు కాపాడటానికే పెట్టుకున్నారు. ఎవరి ఉద్దేశమూ చెడ్డది కాదు. కానీ ఉదయగిరి కొండ కింద పుట్టిన పిల్ల ఆ విగ్రహాన్ని చూడాలంటే రాష్ట్రం దాటి వెళ్ళి టికెట్ కొనుక్కోవాలి.

ఊరి జ్ఞాపకాలదీ ఇదే దారి. రెండు వందల ఏళ్ళ కిందట కల్నల్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కైఫియత్తులు రాయించుకున్నారు. అవి మద్రాసు చేరాయి. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ శెట్టి నెల్లూరు జిల్లా శాసనాలను మూడు సంపుటాలుగా అచ్చు వేయించారు. అందులో ఆత్మకూరు, ఉదయగిరి తాలూకాల రాళ్ళూ ఉన్నాయి. శాసనం ఉన్న రాయి మీద బట్టలుతుక్కునే వాళ్ళకి మాత్రం, దాని మీద ఏం రాసుందో ఎవరూ వచ్చి చదివి చెప్పినట్టు లేదు.

అలాగని వాళ్ళను తప్పుపట్టడం తేలిక కాదు. రాళ్ళు పగులుతాయి, గోడల్లో కలిసిపోతాయి, తాటాకులు చెదలు పడతాయి. ఆ రోజు వాళ్ళు రాసుకోకపోతే ఈ రోజు మనకి తెలిసేది ఇంకా తక్కువ. ఆ మూడు సంపుటాలూ ఇప్పుడు స్కాన్ అయి ఇంటర్నెట్లో ఉన్నాయి కాబట్టే, ఆత్మకూరు బస్టాండులో కూర్చున్న కుర్రాడు కూడా ఫోన్‌లో వాటిని తెరవగలడు. తీసుకెళ్ళిన దాంట్లో కొంత అలా తిరిగొచ్చింది.

అయితే ఏం తిరిగొచ్చిందో చూడాలి. కైఫియత్తుకి ఎక్కువగా సమాచారం ఇచ్చింది కరణాలు. శాసనం వేయించింది దానం చేసే స్తోమత ఉన్నవాళ్ళు. చెరువు ఎవరు తవ్వించారో రాతి మీద ఉంటుంది. మట్టి మోసిన వాళ్ళ పేర్లు ఉండవు. ఆ తట్టల సంగతి ఎక్కడైనా మిగిలి ఉంటే, ఏ ముసలావిడ నోట్లోనో మిగిలి ఉంటుంది.

ఇప్పుడు మనం ఫోన్లు పట్టుకుని ఆవిడ దగ్గరికే వెళ్తున్నాం. 'మన ఊరి చరిత్ర మనమే రాసుకుందాం' అంటున్నాం. మంచి మాటే. కానీ ఈ 'మన'లో ఎవరెవరున్నారు? ఫలానా బావిలో తమను నీళ్ళు తోడుకోనివ్వలేదని ఆవిడ చెప్పిందనుకోండి. ఊళ్ళో పెద్దాయన 'పాతవన్నీ ఇప్పుడెందుకమ్మా, ఊరికి చెడ్డపేరు' అంటాడు. ఆ మాట తీసేస్తే మనం కూడా కరణం పనే చేసినట్టు, కాకపోతే వీడియోలో. ఉంచేస్తే, రేపు ఆ ఊళ్ళో బతకాల్సింది ఆవిడే. మనం సాయంత్రం బస్సెక్కి నెల్లూరుకో హైదరాబాదుకో వచ్చేస్తాం.

నాకు తోచిన జవాబు ఒకటే. నిర్ణయం ఆవిడ చేతిలో ఉండాలి. రికార్డు చేసింది ముందు ఆవిడకే వినిపించాలి. వద్దన్నది తీసేయాలి, ఉంచమన్నది పెద్దాయన కాదన్నా ఉంచాలి. ఒక కాపీ ఆ వాడలోనే, వాళ్ళు తెరిచి వినగలిగే చోట ఉండాలి. దీనివల్ల కొన్ని కథలు మనకు దక్కవు. దక్కకపోనీ. చెప్పినవాళ్ళకు లేని హక్కు, విన్నందుకు మనకెక్కడిది?

ఉదయగిరిలో బిక్కి, నర్ది లాంటి చెక్కలతో గరిటెలు, స్పూన్లు చెక్కే కుటుంబాలున్నాయి. ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గరిటెను ఎంత దూరమైనా తీసుకెళ్ళచ్చు, చెక్కే చెయ్యి ఊళ్ళోనే ఉంటుంది. కొనేవాళ్ళున్నంత కాలం తల్లి దగ్గర్నుంచి కూతురికి వెళ్తుంది. ఊరి కథ కూడా అలా వెళ్ళాలంటే, మనం తెచ్చుకున్న రికార్డింగు మన హార్డ్ డిస్క్‌లో ఎంత భద్రంగా ఉందన్నది కాదు లెక్క. ఆవిడ మనవరాలు దాన్ని ఎప్పుడైనా వినగలదా అన్నదే లెక్క.